పర్యాటక పరిశ్రమ లాభాల్లో శ్రామికుల వాటా: కార్మిక సంఘాల పాత్ర

లక్ష్యాలు

ఈ పాఠం చదివిన తరువాత మీరు:
• పర్యాటక పరిశ్రమలో లాభం ఎలా పుడుతుందో, ఎవరెవరి చేతుల్లోకి పోతుందో వివరించగలుగుతారు.
• లాభాల్లో శ్రామికులకు వాటా అందే మార్గాలను పోల్చి చెప్పగలుగుతారు.
• లాస్ వేగాస్ హోటల్ కార్మికుల అనుభవాన్ని విశ్లేషించగలుగుతారు.
• కార్మిక సంఘం ఎక్కడ ఫలిస్తుందో, ఎక్కడ దాని శక్తి చాలదో గుర్తించగలుగుతారు.

1. పరిచయం

పండుగ సెలవుల్లో తిరుపతిలోనో, అరకులోనో గది కోసం వెతికిన అనుభవం మీలో చాలామందికి ఉండే ఉంటుంది. మామూలు రోజుల్లో ఉండే ధర ఆ రోజుల్లో ఉండదు. ఒక కుటుంబం ఖాళీ చేసిన గంటలోనే మరో కుటుంబం దిగుతుంది. గదులు శుభ్రం చేసేవారికి, వంటవారికి, సప్లయర్లకు ఊపిరి సలపదు. నెలాఖరున చేతికందే జీతం మాత్రం చాలాచోట్ల మామూలు నెలలో వచ్చినంతే. ధర పెరిగింది, పని పెరిగింది, యజమాని ఆదాయం పెరిగింది. ఆ పెరుగుదలలో పనిచేసినవారికి భాగం ఉండాలా? ఉండాలంటే దాన్ని ఎలా రాబట్టుకోవాలి? ఈ పాఠంలో మనం పరిశీలించేది ఈ ప్రశ్ననే.

దూరవిద్యలో చదివేవారిలో పగలు పనిచేసి రాత్రి పుస్తకం పట్టేవారు ఎందరో. మీలో కొందరు హోటళ్లలో, ట్రావెల్స్ కార్యాలయాల్లో పనిచేస్తూ ఉండవచ్చు. అటువంటివారు ఈ పాఠాన్ని పరీక్ష కోసమే కాక, తమ జీతం చీటీని పక్కన పెట్టుకొని కూడా చదవవచ్చు.

2. లాభం ఎక్కడ పుడుతుంది, ఎక్కడికి పోతుంది?

ఒక గది అద్దె రోజుకు 4,000 రూపాయలనుకుందాం. అందులో కొంత ఆన్‌లైన్ బుకింగ్ సంస్థకు కమీషన్‌గా పోతుంది. హోటల్ ఒక పెద్ద బ్రాండు పేరు వాడుకుంటే ఆ కంపెనీకి ఫీజు చెల్లించాలి. భవనం వేరొకరిదైతే అద్దె, అప్పు ఉంటే వడ్డీ, ఆపైన కరెంటు, నీరు, పన్నులు, జీతాలు. ఇవన్నీ పోగా మిగిలేదే లెక్కల్లో కనిపించే లాభం.

ఇక్కడ ఒక విషయం జాగ్రత్తగా గమనించండి. 'లాభం' అనేది చివరి వరుసలో వచ్చే అంకె. దానికి పై వరుసల్లో ఎవరికి ఎంత చెల్లించాలో నిర్ణయించే అధికారం యాజమాన్యానిది. భవనం ఒక కంపెనీ పేరున, నిర్వహణ మరో కంపెనీ పేరున, బ్రాండు మూడో కంపెనీ పేరున ఉన్నప్పుడు హోటల్ కిటకిటలాడుతున్నా నిర్వహణ కంపెనీ పుస్తకంలో లాభం స్వల్పంగా కనిపించవచ్చు. ఇది చట్టవిరుద్ధమేమీ కాదు. లాస్ వేగాస్‌లోని సీజర్స్ ప్యాలెస్, ఎంజీఎం గ్రాండ్ వంటి ప్రఖ్యాత హోటళ్ల భవనాలు, స్థలాలు నేడు వీసీ ప్రాపర్టీస్ అనే స్థిరాస్తి సంస్థవి. హోటల్ నడిపే కంపెనీలు దానికి అద్దె చెల్లిస్తాయి. కాబట్టి 'లాభంలో వాటా' అడిగే శ్రామికుడు ముందుగా ఎవరి లాభం, ఏ పుస్తకంలోని లాభం అని అడగవలసి వస్తుంది.

పర్యాటక పరిశ్రమకు మరో మూడు ప్రత్యేక లక్షణాలున్నాయి.

(అ) సరుకును నిల్వ చేయలేరు. ఈ రాత్రి ఖాళీగా ఉన్న గదిని రేపు రెండుసార్లు అమ్మలేరు. సిమెంటు కర్మాగారం సమ్మెకు ముందే గోదాములు నింపుకోగలదు. హోటల్‌కు ఆ వీలు లేదు.

(ఆ) స్థలాన్ని మార్చలేరు. కూలి పెరిగిందని బట్టల మిల్లును వేరే రాష్ట్రానికి తరలించవచ్చు. సముద్రతీరాన్ని, కొండను, గుడిని తరలించలేరు.

(ఇ) సేవ అతిథి కళ్లెదుటే జరుగుతుంది. పని ఆగితే ఆ సంగతి వినియోగదారుడికి అదే క్షణంలో తెలుస్తుంది.

ఈ మూడూ శ్రామికుల బేరమాడే శక్తిని పెంచేవే. అయితే ఆ శక్తిని తగ్గించే లక్షణాలు కూడా ఇదే పరిశ్రమలో ఉన్నాయి: సీజన్‌ను బట్టి పని, చిన్న చిన్న సంస్థలు, కాంట్రాక్టు నియామకాలు, పనికోసం గేటు బయట ఎదురుచూసేవారి సంఖ్య. ఏ పక్షం బరువు ఎక్కువవుతుందో పరిస్థితిని బట్టి ఉంటుంది.

3. వాటా అందే మార్గాలు

3.1 బోనస్: లాభంతో నేరుగా ముడిపడిన చెల్లింపు ఇది. మన దేశంలో 1965 బోనస్ చెల్లింపు చట్టం 20 మంది లేదా అంతకంటే ఎక్కువ మంది పనిచేసే సంస్థల్లో కనీసం 8.33 శాతం, గరిష్ఠంగా 20 శాతం బోనస్‌ను నిర్దేశించింది. వేతనాల కోడ్, 2019 ఈ రెండు హద్దులనూ అలాగే ఉంచింది. లెక్క మాత్రం పూర్తి జీతం మీద కట్టరు. 2015 సవరణ ప్రకారం నెలకు 7,000 రూపాయలు లేదా ఆ పనికి ప్రకటించిన కనీస వేతనం, ఈ రెండింటిలో ఏది ఎక్కువైతే దానిని పరిమితిగా తీసుకున్నారు.

ఉదాహరణకు ఒక హోటల్ ఉద్యోగి జీతం 18,000 రూపాయలు, అతని పనికి కనీస వేతనం 12,000 రూపాయలు అనుకోండి. లెక్కకు తీసుకునేది ఏడాదికి 1,44,000 రూపాయలు. కనీస బోనస్ సుమారు 11,995 రూపాయలు. గరిష్ఠ బోనస్ 28,800 రూపాయలు. హోటల్ లాభం పదింతలైనా చట్టం ప్రకారం వచ్చేది ఈ గరిష్ఠ పరిమితిని దాటదు. మరో చిక్కు కూడా ఉంది. హౌస్‌కీపింగ్ సిబ్బందిని కాంట్రాక్టరు ద్వారా తీసుకుంటే వారికి యజమాని కాంట్రాక్టరే. బోనస్ కాంట్రాక్టరు లెక్కల ప్రకారం వస్తుంది. లాభం హోటల్ పుస్తకంలో, మనిషి కాంట్రాక్టరు పుస్తకంలో ఉంటే ఆ రెండూ కలిసే చోటే ఉండదు.

3.2 సర్వీస్ ఛార్జి, టిప్స్: అమ్మకం పెరిగిన కొద్దీ పెరిగే ఆదాయం కాబట్టి ఇది ఆకర్షణీయంగా కనిపిస్తుంది. కానీ పునాది బలహీనమైనది. బిల్లులో సర్వీస్ ఛార్జిని తప్పనిసరిగా కలపరాదని కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2022 జూలైలో మార్గదర్శకాలు ఇచ్చింది. ఢిల్లీ హైకోర్టు 2025 మార్చిలో వాటిని సమర్థించింది. వినియోగదారుడి కోణంలో ఈ వాదన సబబైనదే. అయితే జీతంలో పెద్ద భాగాన్ని సర్వీస్ ఛార్జి మీద వదిలేసిన చోట్ల శ్రామికుడి ఆదాయం ఎంత అస్థిరమో కూడా ఈ ఉదంతం చూపుతుంది.

3.3 సమష్టి బేరసారాల ఒప్పందం: కార్మిక సంఘం యాజమాన్యంతో చర్చించి జీతాలు, ఆరోగ్య బీమా, పని పరిమాణం, ఉద్యోగ భద్రత వంటివాటిని కొన్నేళ్లకు లిఖితపూర్వకంగా ఖరారు చేసుకోవడం. ఇందులో 'లాభం' అనే మాట ఎక్కడా రాకపోవచ్చు. అయినా లాభం తేలకముందే, ఖర్చు వరుసలోనే శ్రామికుడి వాటా స్థిరపడుతుంది. భవనం అద్దె పెరిగినా, బ్రాండు ఫీజు పెరిగినా ఒప్పందం కాలంలో ఆ వాటా తరగదు.

3.4 యాజమాన్యంలో భాగం: శ్రామికులే సహకార సంఘంగా ఏర్పడి సంస్థను నడపడం. దీనిని 6వ విభాగంలో చూద్దాం.

వీటిలో మూడో మార్గం ఎలా పనిచేస్తుందో తెలుసుకోవడానికి ప్రపంచంలోని ప్రధాన పర్యాటక నగరాల్లో ఒకటైన లాస్ వేగాస్ మంచి ఉదాహరణ.

4. లాస్ వేగాస్ అనుభవం

4.1 నేపథ్యం: అమెరికాలోని నెవాడా రాష్ట్రంలో ఎడారి మధ్య ఉన్న ఈ నగరానికి పర్యాటకమే ఆధారం. ఇక్కడి హోటళ్లు, క్యాసినోల్లో గదులు శుభ్రం చేసేవారు, వంటవారు, వెయిటర్లు, సామాన్లు మోసేవారు సభ్యులుగా ఉన్న సంఘం కలినరీ వర్కర్స్ యూనియన్ లోకల్ 226. 1935లో ఏర్పడిన ఈ సంఘానికి నేడు సుమారు 60,000 మంది సభ్యులున్నారు. వారిలో మహిళలు, ఇతర దేశాల నుంచి వలస వచ్చినవారు అధికం. నెవాడా చట్టం ప్రకారం సంఘంలో చేరమని ఎవరినీ బలవంతం చేయరాదు. అంటే చట్టం ఇచ్చిన వెసులుబాటుతో పెరిగిన సంఘం కాదిది.

4.2 ఓటమి, పునర్నిర్మాణం: 1984లో నగరవ్యాప్తంగా వేలాది మంది రెండు నెలలకు పైగా సమ్మె చేశారు. ఫలితం ఆశించినట్లు రాలేదు. కొన్ని హోటళ్లలో సంఘం తన స్థానాన్నే కోల్పోయింది. ఆ తరువాత సంఘం పని పద్ధతిని మార్చుకుంది. కార్యాలయంలో కూర్చునే నాయకుల మీద ఆధారపడకుండా ప్రతి హోటల్‌లో, ప్రతి విభాగంలో శ్రామికుల కమిటీలను నిర్మించింది. 1989లో మిరాజ్ హోటల్ తెరిచినప్పుడు, మెజారిటీ ఉద్యోగులు కార్డులపై సంతకం చేస్తే సంఘాన్ని గుర్తించడానికి యాజమాన్యం ముందే ఒప్పుకొంది. 1990లో హాటీ కాంటీ అనే నల్లజాతి మహిళ అధ్యక్షురాలైంది. ఆమె హోటల్ గదులు శుభ్రం చేసే పని చేసిన మనిషి.

4.3 ఫ్రాంటియర్ సమ్మె: 1991 సెప్టెంబర్ 21న ఫ్రాంటియర్ హోటల్‌లో సుమారు 550 మంది సమ్మెకు దిగారు. అది 1998 జనవరి 31 వరకు, అంటే ఆరు సంవత్సరాల నాలుగు నెలల పది రోజులు సాగింది. సమ్మె చేసినవారిలో ఒక్కరు కూడా శిబిరం దాటి పనిలోకి తిరిగి వెళ్లలేదని కార్మికోద్యమ చరిత్రలో చెప్పుకుంటారు. చివరకు హోటల్ చేతులు మారింది. కొత్త యజమాని ఒప్పందం కుదుర్చుకున్నాడు. దీన్ని వీరగాథగా చదివి వదిలేయవద్దు. ఆరేళ్ల పాటు వందలాది కుటుంబాలు ఎలా బతికాయన్నది అర్థశాస్త్ర ప్రశ్న. నగరంలోని మిగతా హోటళ్లలో పనిచేస్తున్న వేలాది సభ్యుల చందా వెనుక లేకుంటే ఆ సమ్మె నిలిచేది కాదు. ఒక్క హోటల్‌కే పరిమితమైన సంఘం ఆరు నెలలు కూడా తట్టుకోవడం కష్టం.

4.4 2023 ఒప్పందం: కోవిడ్ కాలంలో నగరం మూతపడినప్పుడు సంఘ సభ్యుల్లో అత్యధికులు పని కోల్పోయారు. పర్యాటకులు తిరిగి వచ్చాక కంపెనీల ఆదాయాలు కోలుకున్నాయి. 2023లో ఎంజీఎం, సీజర్స్, విన్ కంపెనీలతో చర్చలు మొదలయ్యాయి. సుమారు 35,000 మందికి సంబంధించిన చర్చలవి. సెప్టెంబర్‌లో ఓటు వేసిన సభ్యుల్లో 95 శాతం మంది సమ్మెకు సమ్మతించారు. నవంబర్ 10 తెల్లవారుజామును గడువుగా పెట్టారు. మూడు కంపెనీలూ ఆ గడువు ముగిసేలోగా వరుసగా ఒప్పందానికి వచ్చాయి. సంఘం ప్రకటించిన ప్రకారం అయిదేళ్లలో 32 శాతం, అందులో మొదటి ఏడాదే 10 శాతం పెరుగుదల లభించింది.

జీతంతో పాటు వచ్చిన అంశాలు కూడా పరిశీలించదగినవి. హౌస్‌కీపింగ్ వారి పని కోటా తగ్గింది. గదులను ప్రతిరోజూ శుభ్రం చేయించాలన్న నిబంధన వచ్చింది. ఇది అతిథి సౌకర్యానికి సంబంధించిన విషయంగా కనిపిస్తుంది కానీ అసలు సంగతి వేరు. రెండు మూడు రోజులు శుభ్రం చేయకుండా వదిలిన గదికి పని ఎక్కువ పడుతుంది, మొత్తం పనిదినాలు మాత్రం తగ్గుతాయి. ఇక కొత్త సాంకేతికత వల్ల ఉద్యోగం పోతే పనిచేసిన ఒక్కో సంవత్సరానికి 2,000 డాలర్ల చొప్పున చెల్లించాలన్న షరతు కూడా చేరింది.

వీటితో పాటు యాజమాన్యాల చందాలతో నడిచే ఆరోగ్య నిధి, 1993లో సంఘం, యాజమాన్యాలు కలిసి నెలకొల్పిన కలినరీ అకాడమీ ఉన్నాయి. గిన్నెలు కడిగే మనిషి అక్కడ శిక్షణ పొంది వంటవాడు కాగలడు. లాభంలో వాటా అంటే నోట్ల రూపంలోనే ఉండనక్కరలేదని దీనివల్ల అర్థమవుతుంది. వైద్యం ఖర్చు, నైపుణ్యం, మోయదగిన పని కూడా వాటాలే.

4.5 ఎందుకు సాధ్యమైంది?: మూడు కారణాలు చెప్పవచ్చు.

మొదటిది విస్తృతి. ఒక్క హోటల్ జీతాలు పెంచితే పక్క హోటల్ తక్కువ ధరకు గదులిచ్చి దాన్ని దెబ్బతీస్తుంది. పోటీ హోటళ్లన్నీ ఒకే రకమైన జీతాలు చెల్లిస్తే ఆ భయం పోతుంది. అప్పుడు పోటీ గదుల నాణ్యత మీద, సేవ మీద జరుగుతుంది తప్ప కూలి తగ్గింపు మీద జరగదు. రెండోది, కంపెనీలు పెద్దవి, లాభదాయకమైనవి, స్థలం మార్చలేనివి. మూడోది సమయం. నవంబర్ మధ్యలో నగరంలో ఫార్ములా వన్ కార్ల పందెం జరగాల్సి ఉంది. గదుల ధరలు ఆకాశాన్నంటే ఆ వారానికి కొద్ది రోజుల ముందే సంఘం గడువు పెట్టింది. నిల్వ చేయలేని సరుకు అన్న లక్షణాన్ని బేరానికి ఉపయోగించుకోవడమంటే ఇదే.

మీ ప్రగతిని పరీక్షించుకోండి – 1
(క) హోటల్ పుస్తకంలోని లాభం ఆధారంగా వాటా అడగడంలో ఉన్న చిక్కు ఏమిటి?
(చ) ఫ్రాంటియర్ సమ్మె దీర్ఘకాలం నిలవడానికి ఆర్థిక ఆధారం ఏది?

5. పరిమితులు

ఈ అనుభవాన్ని చూసి ఎక్కడైనా సంఘం పెడితే చాలునని అనుకోకూడదు.

మొదట, కాలం. 1999లో తెరిచిన వెనీషియన్ హోటల్‌లో తొలి ఒప్పందం 2024లో గాని కుదరలేదు. ఒక తరం శ్రామికులు ఆ మధ్యలో పదవీ విరమణ వయసుకు చేరారు. రెండోది, మూల్యం. 2024 నవంబర్ నుంచి 2025 జనవరి వరకు వర్జిన్ హోటల్‌లో 69 రోజుల సమ్మె జరిగింది. ఆ రోజుల జీతం శ్రామికుడు కోల్పోయినదే. మూడోది, గిరాకీ పడిపోయినప్పుడు ఒప్పందం జీతం రేటును కాపాడుతుంది గాని పనిని సృష్టించలేదు. కోవిడ్ కాలం దీనికి నిదర్శనం. అప్పుడు సంఘం సాధించగలిగినది మరో రకమైన రక్షణ. తొలగించినవారినే తిరిగి పిలవాలని నెవాడా శాసనసభ 2021లో చట్టం చేసింది.

నాలుగోది అన్నిటికన్నా ముఖ్యమైనది. పర్యాటకంలో పనిచేసేవారిలో హోటల్ ఉద్యోగులు ఒక భాగం మాత్రమే. పడవ నడిపేవారు, గైడ్లు, టాక్సీ డ్రైవర్లు, బొమ్మలమ్మేవారు, టీ కొట్టువారు కూడా ఈ పరిశ్రమ మీదే బతుకుతారు. వీరిలో చాలామందికి యజమాని అంటూ ఎవరూ లేరు. యజమాని లేనిచోట బేరం ఎవరితో? వీరికి అవసరమైనది లైసెన్సు, నిలిపే స్థలం, న్యాయమైన కమీషన్, ప్రమాద బీమా. వాటి కోసం వీరు ప్రభుత్వంతోనో, బుకింగ్ సంస్థలతోనో మాట్లాడాలి. కేరళలో 2008 నుంచి కుమరకం తదితర చోట్ల అమలు చేసిన బాధ్యతాయుత పర్యాటక కార్యక్రమంలో స్థానిక మహిళా బృందాలు పండించిన కూరగాయలు, తయారుచేసిన వస్తువులు హోటళ్లు కొనే ఏర్పాటు చేశారు. అది సంఘం చేసే పని కాదు. అయినా లాభంలో కొంత భాగం ఊళ్లోనే నిలిచే మరో దారి.

6. మన దేశంలో అవకాశాలు

లాస్ వేగాస్ పద్ధతిని ఉన్నది ఉన్నట్లు ఇక్కడ నాటలేం. మన హోటళ్లలో అధిక భాగం చిన్నవి. కాంట్రాక్టు నియామకాలు ఎక్కువ. అయినా చట్టపరమైన ఆధారం లేకపోలేదు. 1926 కార్మిక సంఘాల చట్టం నుంచి నేటి వరకు ఏడుగురు కలిసి సంఘం రిజిస్ట్రేషన్‌కు దరఖాస్తు చేసే హక్కు కొనసాగుతోంది. (సంస్థలోని శ్రామికుల్లో కనీసం పదో వంతు లేదా వంద మంది, ఏది తక్కువైతే అంతమంది, సభ్యులుగా ఉండాలి.) 2025 నవంబర్ 21 నుంచి అమల్లోకి వచ్చిన పారిశ్రామిక సంబంధాల కోడ్ ప్రకారం, ఒకటి కంటే ఎక్కువ సంఘాలున్న సంస్థలో 51 శాతం మద్దతు ఉన్న సంఘానికి యాజమాన్యంతో ఏకైక సంప్రదింపుల హోదా లభిస్తుంది. అదే కోడ్ సమ్మెకు 14 రోజుల ముందస్తు నోటీసును తప్పనిసరి చేసింది. పై విభాగంలో చూసిన 'సమయం' అనే ఆయుధం పదును ఇందువల్ల కొంత తగ్గుతుంది. యాజమాన్యానికి సిద్ధం కావడానికి రెండు వారాలు దొరుకుతాయి.

ఆతిథ్య రంగంలో శ్రామికులే యజమానులైన ఉదాహరణ కూడా మన దేశంలోనే ఉంది. 1950లలో కాఫీ బోర్డు తన కాఫీ హౌస్‌లను మూసివేయాలని నిర్ణయించింది. ఉద్యోగాలు పోతున్న కార్మికులు ఎ.కె. గోపాలన్ ప్రోత్సాహంతో సహకార సంఘాలుగా ఏర్పడి 1957–58లో ఇండియన్ కాఫీ హౌస్‌లను తామే నడపడం ప్రారంభించారు. బెంగళూరు, ఢిల్లీ, త్రిశ్శూరులతో మొదలైన ఆ సంస్థ నేటికీ ఎన్నో ఊళ్లలో నడుస్తోంది. కార్మిక సంఘంలో నేర్చిన ఐకమత్యమే సహకార సంఘానికి పెట్టుబడి అయింది. అయితే యజమాని అయిన శ్రామికుడు నష్టానికి కూడా బాధ్యుడవుతాడు. ఈ మార్గంలో లాభం ఎంత నిజమో ఆ భారమూ అంతే నిజం.

7. సారాంశం

పర్యాటక లాభాల్లో శ్రామికులకు వాటా రాబట్టడంలో కార్మిక సంఘాలు తోడ్పడగలవు. అయితే చివర మిగిలిన లాభంలో భాగం అడగడం కన్నా, లాభం తేలకముందే జీతం, ఆరోగ్య బీమా, పని పరిమాణం, ఉద్యోగ భద్రతల రూపంలో వాటాను ఒప్పందంలో రాయించుకోవడమే నమ్మదగిన మార్గం. ఇది ఫలించడానికి సంఘం ఒక్క సంస్థకు కాక ఊరంతటికీ విస్తరించి ఉండాలి. పరిశ్రమ పెద్దదై, కదలలేనిదై ఉండాలి. శ్రామికులకు కాలం, ఓర్పు ఉండాలి. కాంట్రాక్టు వ్యవస్థ, చిన్న సంస్థలు, స్వయం ఉపాధి ఉన్నచోట సంఘంతో పాటు సహకార సంఘాలు, కనీస వేతన చట్టాల అమలు, స్థానిక కొనుగోళ్ల వంటి మార్గాలు కూడా అవసరమవుతాయి.

8. మాదిరి పరీక్ష ప్రశ్నలు

I. ఈ కింది ప్రశ్నలకు 10 పంక్తుల్లో సమాధానం రాయండి.
1. హోటల్ గది 'నిల్వ చేయలేని సరుకు' కావడం శ్రామికుల బేరమాడే శక్తిని ఎలా ప్రభావితం చేస్తుంది?
2. బోనస్‌కు, సమష్టి బేరసారాల ఒప్పందానికి మధ్య తేడాలు రాయండి.

II. ఈ కింది ప్రశ్నలకు 30 పంక్తుల్లో సమాధానం రాయండి.
1. లాస్ వేగాస్ హోటల్ కార్మికుల అనుభవాన్ని వివరించి, దాని పరిమితులను చర్చించండి.
2. మీ సమీపంలోని ఒక పర్యాటక ప్రదేశాన్ని తీసుకోండి. అక్కడ పనిచేసేవారిని యజమాని ఉన్నవారు, కాంట్రాక్టరు కింద ఉన్నవారు, స్వయం ఉపాధి పొందేవారు అని మూడు వర్గాలుగా విభజించి, ఒక్కో వర్గానికి లాభంలో వాటా అందే మార్గాన్ని సూచించండి.

రెండో ప్రశ్నకు సమాధానం రాసే ముందు అక్కడ పనిచేసే ఇద్దరు ముగ్గురితో మాట్లాడండి. జీతం ఎంత అనే కాకుండా, ఆ జీతం ఎవరి చేతి నుంచి వస్తుందని కూడా అడగండి.